వాకరా, బ్లూటిక్కా? రకూన్ వేటకు ఏ కుక్క మేలు

"బావా, కుక్కను కొంటున్నా. వాకర్ తీసుకోనా, బ్లూటిక్ తీసుకోనా?"

కెంటకీలో పదెకరాల పొలం కొన్న మా బావమరిది పోయిన వారం ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇది. రెండు నిమిషాల్లో తేల్చేద్దామని మొదలుపెడితే గంట దాటింది. వాడికి చెప్పినదీ, ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేనుండేది ఇండియానా దక్షిణాన. మా పక్క పొలం పెద్దాయన చిన్నప్పటి నుంచి రకూన్ వేటలో ఉన్న మనిషి. రకూన్ అంటే రాత్రిపూట తిరిగే, చెట్లెక్కే చిన్న అడవి జంతువు. ఆయన వెంట ఆరు శీతాకాలాలు అడవి తిరిగాను. ఈ వేటకు పెంచే కుక్కల్లో వాకర్, బ్లూటిక్ రెండు జాతులు. ఆయన దగ్గరున్నవి ట్రీయింగ్ వాకర్లు, నాది బ్లూటిక్. కాబట్టి రెంటినీ ఒకే రాత్రి, ఒకే వాగు ఒడ్డున పక్కపక్కన విన్నవాణ్ణి.

చూసినవాణ్ణి అనకుండా విన్నవాణ్ణి అనడానికి కారణముంది. ఈ వేటలో మనిషి పని ముప్పాతిక భాగం వినడమే. చీకటి పడ్డాక మొక్కజొన్న చేను అంచునో, వాగు పక్కనో కుక్క మెడపట్టీకి ఉన్న తాడు విప్పేస్తారు. అది చీకట్లో కలిసిపోతుంది. రకూన్ వాసన జాడ తగలగానే గొంతెత్తి, సాగదీసి, ఊళలా అరుస్తుంది. దీన్ని వేటగాళ్లు 'బాల్' (bawl) అంటారు. రకూన్ చెట్టెక్కిందని కుక్క తేల్చుకోగానే ఆ సాగుడు పోతుంది. టకటకా తెంచినట్టు మొరుగుడు మొదలవుతుంది. అది 'చాప్'. ముందరి కాళ్లు మానుకు ఆనించి, తల పైకెత్తి, మనం లైటు పట్టుకుని చేరేదాకా అది అక్కడే ఉండాలి. వేరే చెట్టు కింద నిలబడి మొరిగితే అందరి నడకా వృథా. ఇంగ్లీషులో పొరబడ్డవాణ్ణి 'తప్పు చెట్టు కింద మొరుగుతున్నాడు' అనడం ఇలాంటి వేటల నుంచి వచ్చిందే.

వాకరా, బ్లూటిక్కా అన్న వాదన కొత్తది కాదు. అసలు ఈ రెండూ వేరు జాతులుగా విడిపోయిందే ఈ వాదన మీద. అమెరికాలో కుక్కల జాతులను నమోదు చేసే యునైటెడ్ కెన్నెల్ క్లబ్ 1898లో మొదలైంది. అది 1905 నుంచి ఇంగ్లిష్ ఫాక్స్ అండ్ కూన్‌హౌండ్ (నక్క, రకూన్ వేట కుక్క) అనే ఒకే పేరు కింద ఈ రెంటినీ నమోదు చేసుకునేది. కొందరు పెంపకందార్లకు దూసుకుపోయే కుక్కలు కావాలి. ఇంకొందరికి నిదానంగా, పాతబడ్డ జాడను కూడా వదలకుండా లాగే కుక్కలు కావాలి. 1945లో వాకర్ వాళ్లు వేరుపడ్డారు. వేగం కోసం ముక్కును వదులుకోవడం ఇష్టంలేని బ్లూటిక్ వాళ్లు 1946లో తమ దారి తాము చూసుకున్నారు. దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత మా బావమరిది అడుగుతున్నదీ అదే.

వాకర్ సంగతి ముందు. కెంటకీ నక్కవేట కుక్కల వంశం ఇది. 1852 నాటి టెనెస్సీ లీడ్ అనే కుక్క ఆ వంశానికి కొత్త రక్తం ఎక్కించిందని చెబుతారు. తెలుపు మీద నలుపు, గోధుమరంగు మచ్చలు, పొడవు కాళ్లు, సన్నని నడుము. వదిలిన క్షణంలో అది వంద గజాల అవతల ఉంటుంది. తాజా జాడ తగిలిందా, గాలిలా పోతుంది. రకూన్‌కు ఆలోచించుకునే టైమ్ ఇవ్వదు. పైగా చెట్టు దగ్గర దాని పట్టుదల చూడాల్సిందే. గంటసేపు ఆగకుండా మొరుగుతుంది.

పోటీల్లో వాకర్లు ఎందుకంత ఎక్కువగా గెలుస్తాయో లెక్క చూస్తే తెలుస్తుంది. రాత్రి పోటీలో సాధారణంగా నాలుగు కుక్కలను కలిపి వదులుతారు. రెండు గంటల ఆట. జాడ మీద మొదట గొంతు విప్పిన కుక్కకు 100, తర్వాతివాటికి 75, 50, 25 పాయింట్లు. చెట్టు దగ్గర మొదటిదానికి 125, ఆపైన మళ్లీ 75, 50, 25. చెట్టు మీద రకూన్ కనబడితే పాయింట్లు కలుస్తాయి, ఖాళీ చెట్టని తేలితే అవే పాయింట్లు తీసేస్తారు. తొర్ర ఉండో, ఆకు దట్టంగా ఉండో తేల్చలేకపోతే అటూ ఇటూ కాకుండా పక్కన పెడతారు. రకూన్‌ను చంపరు, అది చెట్టు మీదే ఉండిపోతుంది. ఇలాంటి ఆటలో నాలుగు సెకన్ల ఆలస్యానికి 50 పాయింట్లు పోతాయి. నిదానస్తుడికి అక్కడ చోటు తక్కువ. మా ఇండియానాలోని రిచ్‌మండ్‌లో, సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే సెలవు వారాంతంలో జరిగే ఆటమ్ ఓక్స్ లాంటి పెద్ద పోటీకి వెళ్లాలన్నది కోరికైతే, నా బ్లూటిక్ మీద ఎంత ప్రేమున్నా నేను చెప్పే మాట వాకరే.

వాకర్ లోపమూ ఆ వేగంలోనే ఉంది. రెండు గంటల క్రితం రకూన్ నడిచిన జాడను అది దాటుకుని పోతుంది. తొందర ఎక్కువున్న కుక్కయితే జాడ ఎక్కడ తెగిందో అక్కడి చెట్టునే పట్టుకుని మొరుగుతుంది. ఖాళీ చెట్టు కింద అంత నమ్మకంగా మొరిగే కుక్కను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక బ్లూటిక్. ఫ్రాన్సులోని గాస్కనీ నీలి హౌండ్ల రక్తం ఇందులో ఉంది. తెల్ల ఒంటి మీద నల్ల చుక్కలు దట్టంగా చల్లినట్టుండి దూరానికి నీలంగా కనిపిస్తుంది. టెనెస్సీ యూనివర్సిటీ ఫుట్‌బాల్ మైదానంలో 1953 నుంచి కనిపించే, జట్టుకు గుర్తుగా ఉండే స్మోకీ అనే కుక్క ఈ జాతే. చల్లారిన జాడ మీద పనిచేసే ముక్కును వేటగాళ్లు 'కోల్డ్ నోస్' అంటారు. బ్లూటిక్‌కు పేరు దానివల్లే.

రెండేళ్ల కింద ఫిబ్రవరిలో ఒక రాత్రి, నేల గడ్డకట్టి బూటు కింద కరకరలాడుతోంది. పెద్దాయన వాకర్ ఒక కంచె గుంజ పక్క నుంచి చప్పుడు లేకుండా దూసుకుపోయింది. నా కుక్క అదే గుంజ దగ్గర ఆగింది. ముక్కు నేలకు ఆనించి, పీల్చి, వదిలి, మళ్లీ పీల్చి, ఒక్కసారి మాత్రం అరిచింది. లోతైన బావిలోంచి వచ్చినట్టుంటుంది ఆ గొంతు. తర్వాత పది నిమిషాలు ఏమీ లేదు. వాగు ఇవతల ఇంకొకసారి. ఇలా తెగిన దారానికి ముడులు వేసుకుంటూ నలభై నిమిషాలు సాగింది. చివరికి వాగు అవతల టకటకా మొరుగుడు మొదలైంది. వెళ్లి చూస్తే తెల్లటి మానున్న సైకమోర్ చెట్టు. కుక్క డొక్క మీద చెయ్యి వేస్తే మొరిగినప్పుడల్లా ఎముకలు అదురుతున్నాయి. గోళ్లలో బెరడు పొడి. పైకి లైటు వేస్తే రెండు కళ్లు నిప్పుకణికల్లా మెరిశాయి. పెద్దాయన తుపాకీ దించి, "దీన్ని ఈ రాత్రికి వదిలేద్దాం, కుక్క పని కుక్క చేసింది" అన్నాడు.

బ్లూటిక్‌తో ఇబ్బందులు లేవని కాదు. చల్లారిన జాడ వెంట పోతుంటే రకూన్ ఎప్పుడో తొర్రలో దూరి పడుకుని ఉంటుంది. కొన్ని కుక్కలు కదలకుండా ఒకేచోట ఊరికే అరుస్తూ రాత్రంతా తినేస్తాయి. వారమంతా ఉద్యోగం చేసి శుక్రవారం రాత్రి రెండు గంటలు మాత్రమే తీరికున్న మనిషికి ఓపిక పరీక్షే.

మిగతా జాతుల గురించి ఎక్కువ చెప్పను. బ్లాక్ అండ్ టాన్ వీటన్నిటికన్నా ముందు, 1900లో గుర్తింపు పొందింది. పెద్ద ఒళ్లు, వేలాడే చెవులు, ముక్కు విషయంలో బ్లూటిక్‌కు తీసిపోదు. ఎర్రటి రెడ్‌బోన్ ఇంట్లో మెత్తగా ఉంటుంది. ప్లాట్ హౌండ్ నార్త్ కరోలినా రాష్ట్ర కుక్క, ఎలుగుబంటి, అడవిపంది వేటకు పుట్టింది. మొదటి కుక్కగా దాన్ని తేవద్దు. జాతే సర్వస్వం అనుకోవద్దు కూడా. అలబామాలో కూన్ కుక్కలకు మాత్రమే ఉన్న శ్మశానం ఉంది. 1937లో కీ అండర్‌వుడ్ అనే వేటగాడు తన కుక్క ట్రూప్‌ను అక్కడ పూడ్చడంతో అది మొదలైంది. ఆ ట్రూప్ రెండు జాతుల సంకరం.

మా బావమరిది విషయంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం వాడి పొలం. పదెకరాలు రకూన్‌కు ఒక మూల. దూరం పోయే వాకర్‌కు అది పది నిమిషాల పని. ఆపైన పక్కవాళ్ల కంచె, దాని తర్వాత హైవే. మెడకు జీపీఎస్ పట్టీ కడితే కుక్క ఎక్కడుందో తెరమీద కనిపిస్తుంది, నిజమే. వెనకటికి తప్పిపోయిన కుక్క కోసం వేటగాళ్లు వదిలిన చోట కోటు పరిచి ఇంటికి వెళ్లేవాళ్లట, తెల్లారి వస్తే దానిమీద పడుకుని ఉండేదట. కానీ జీపీఎస్ కారును ఆపదు. చుట్టుపక్కల నాలుగు పొలాల వాళ్ల అనుమతి తెచ్చుకునేదాకా వాకర్ వద్దని గట్టిగానే చెప్పాను.

ఏ జాతికైనా ఒకటే భయం, రకూన్ పంటి గాటు. కరిచిన వారం రెండు వారాలకు కొన్ని కుక్కలకు కూన్‌హౌండ్ పెరాలసిస్ వస్తుంది. వెనక కాళ్లు తడబడతాయి, తర్వాత నాలుగు కాళ్లూ పడిపోతాయి, గొంతు బొంగురుపోతుంది. తోక మాత్రం ఆడిస్తూనే ఉంటుంది. చాలామటుకు కోలుకుంటాయి, కానీ వారాలు, నెలలు దగ్గరుండి తినిపించి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. రేబిస్ టీకా సంగతి వేరే చెప్పక్కర్లేదు. 1970ల చివర్లో వేట కోసం దక్షిణాది నుంచి రకూన్లను తెచ్చి వదిలినందువల్లే తూర్పు రాష్ట్రాల్లో రకూన్ రేబిస్ అంతగా పాకింది.

అపార్ట్‌మెంట్లో ఉంటూ, షెల్టర్‌లో అమాయకంగా చూస్తున్న హౌండ్‌ను చూసి జాలిపడి తెచ్చుకుందామనుకునే మనవాళ్లకు ఒక మాట: వాకరైనా, బ్లూటిక్కైనా ఆ గొంతు మైలు దూరం వినిపించాలనే తరతరాలుగా పెంచారు. గోడ అవతల పసిపిల్ల ఉన్న ఇంట్లో అది ఇద్దరికీ శిక్ష.

మా వాడికి చివరికి బ్లూటిక్ అన్నాను. అదీ కూన కాదు, మూడు నాలుగేళ్ల తయారైన కుక్క. కూనను తెస్తే దానికి నేర్పే మనిషి కావాలి, వాడికే ఇంకా ఏమీ తెలియదు. అమ్మేవాడి మాట వినకుండా, కొనేముందు కనీసం మూడు రాత్రులు, వాడికి అలవాటైన అడవిలో కాకుండా వేరే చోట, ఒంటరిగా వదలమని అడగాలి. పక్కన ఇంకో కుక్క ఉంటే ఏది కనిపెట్టిందో, ఏది వెంట వచ్చి మొరిగిందో తెలీదు. జింక వెంట పడితే అక్కడితో బేరం ఆపేయాలి.

వచ్చే నెల టెనెస్సీలో ఐదేళ్ల బ్లూటిక్ ఒకటి ఉందంటే ఇద్దరం వెళ్తున్నాం. చెట్టు దగ్గరికి వెంటనే పోకుండా దూరంగా చీకట్లో కూర్చుని, అది మనుషులు రాకపోయినా ఎంతసేపు మొరుగుతూ నిలబడుతుందో చూద్దామని, గడియారం తెమ్మన్నాను.