ఏడేళ్ళుగా ఒకే డెస్క్‌టాప్: ఎక్స్‌ఎఫ్‌సీఈతో నా అనుభవం

2018లో నా లాప్‌టాప్ మొరాయించడం మొదలుపెట్టింది. 4 జీబీ ర్యామ్, పాతకాలం హార్డ్ డిస్క్. బ్రౌజర్ ఒకటి, డాక్యుమెంట్ ఒకటి తెరిస్తే చాలు, మౌస్ బాణం ఉన్నచోటే నిలబడిపోయేది. అనువాదాలు చేయడం, ప్రూఫులు దిద్దడం నా పని. కొత్తది కొనే పరిస్థితి అప్పుడు లేదు. ఒక స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో జుబుంటు 18.04 తెచ్చి ఎక్కించి ఇచ్చాడు. అది విండోస్ బదులు వాడుకునే ఉచిత లైనక్స్ వ్యవస్థ. అందులో ఉండే డెస్క్‌టాప్, అంటే తెరమీద పట్టీలు, మెనూలు, ఐకాన్లు చూపించే భాగం, పేరు ఎక్స్‌ఎఫ్‌సీఈ. ఆ తర్వాత జుబుంటు కొత్త వెర్షన్లు 20.04, 22.04, 24.04 వచ్చాయి. లాప్‌టాప్ కూడా మారింది. డెస్క్‌టాప్ మాత్రం మార్చలేదు.

లైనక్స్‌లో డెస్క్‌టాప్ అంటే ఒక్కటే ఉండదు. గ్నోమ్, కేడీఈ, సినమన్, ఇలా చాలా ఉన్నాయి, ఎవరికి నచ్చింది వాళ్ళు పెట్టుకోవచ్చు. ఎక్స్‌ఎఫ్‌సీఈని 1996లో ఒలివియే ఫూర్దాన్ మొదలుపెట్టారు. తేలికగా ఉంటుందని దీనికి పేరు. నా పాత లాప్‌టాప్‌లో ఏ ప్రోగ్రామూ తెరవకుండా చూస్తే 500 ఎంబీ చుట్టుపక్కల ర్యామ్ వాడేది. అయితే దీన్ని నమ్మి పాత కంప్యూటర్‌కు కొత్త ప్రాణం వస్తుందనుకునేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. డెస్క్‌టాప్ తేలికైనంత మాత్రాన బ్రౌజర్ తేలికైపోదు. పది ట్యాబులు తెరిస్తే ఆ 4 జీబీ మళ్ళీ నిండిపోయేది. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టించాకే నిజంగా తేడా కనిపించింది.

ఇన్నేళ్ళు దీన్నే అంటిపెట్టుకోవడానికి కారణం వేగం కాదు. పెట్టినవి పెట్టినచోటే ఉండటం. 2011లో గ్నోమ్ 3 వచ్చినప్పుడు కింద ఉండే విండోల పట్టీ, మినిమైజ్ బటన్ తీసేశారు. లైనక్స్‌ను సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడే విసుగెత్తి కొంతకాలం ఎక్స్‌ఎఫ్‌సీఈకి మారాడు. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్‌ను తీసేసింది, మరుసటి ఏడాది 8.1లో మళ్ళీ తెచ్చింది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఇలాంటి కుదుపులు నేను చూడలేదు. 4.12 వెర్షన్ 2015లో వస్తే, 4.14 రావడానికి 2019 దాకా పట్టింది. అభివృద్ధి మరీ నెమ్మదని చాలామంది దీన్ని తప్పుబడతారు. రోజుకు ఎనిమిది గంటలు దాని ముందు కూర్చునే నాకు అది పెద్ద సుఖం. మెనూ ఎక్కడుందో కళ్ళు వెతకవు, చెయ్యే వెళ్ళిపోతుంది.

ఇది నాన్న దగ్గర ఇంకా బాగా తెలిసింది. ఆయన రిటైర్డ్ టీచరు, పాత పత్రికల పీడీఎఫ్‌లు చదువుతారు. ఫోన్‌లో ప్రతి అప్‌డేట్‌కీ ఏదో ఒకటి జరిగి, "ఇది నిన్న ఇక్కడే ఉంది కదరా" అనేవారు. లాప్‌టాప్‌లో పైపట్టీ మీద మూడు పెద్ద ఐకాన్లు పెట్టి, పట్టీని లాక్ చేసి ఇచ్చాను. ఐదేళ్ళుగా అవి కదల్లేదు. ఆయనకు శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు ఇంకో సంగతి పనికొచ్చింది. ఆల్ట్ మీట నొక్కిపట్టి మౌస్ చక్రం తిప్పితే, బాణం ఉన్న చోటు భూతద్దంలో చూసినట్టు పెద్దదవుతుంది. ఇది ఏ మెనూలోనూ కనబడదు. ఎవరో చెబితే తప్ప తెలియదు.

గ్రాఫికల్ డెస్క్‌టాప్‌లన్నిటికీ ఉన్న ఇబ్బంది ఇక్కడే ఉంది. కంటికి కనిపించేదే వాటి బలం, కనబడనిది ఉన్నా లేనట్టే. విండో అంచు పట్టుకుని పెద్దది చేయడం ఎక్స్‌ఎఫ్‌సీఈలో పెద్ద తలనొప్పి. జుబుంటులో వచ్చే థీమ్‌లో అంచు దారప్పోగంత సన్నం, బాణం దానిమీద నిలవదు. ఆల్ట్ పట్టుకుని కుడి బటన్‌తో విండోలో ఎక్కడైనా లాగితే సరిపోతుందని నాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది.

దీని ఫైల్ మేనేజర్ పేరు థునార్. పుస్తకం పేజీలు స్కాన్ చేస్తే అడ్డదిడ్డమైన పేర్లతో వందల ఫైళ్ళు వస్తాయి. అన్నీ ఎంచుకుని ఎఫ్2 నొక్కితే పాత పేరు, రాబోయే కొత్త పేరు పక్కపక్కనే చూపిస్తుంది. చూసుకున్నాకే మార్చవచ్చు. ఈ ఒక్క పనికే నేను దీన్ని ఎవరికైనా సిఫారసు చేస్తాను. అదే ఆ మూడు వందల బొమ్మల సైజు తగ్గించాలంటే మౌస్ చేతులెత్తేస్తుంది. ఒక్కొక్కటీ తెరిచి, తగ్గించి, సేవ్ చేయాలి. కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో, బొమ్మల్ని మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్‌తో ఒక్క లైనుతో అయిపోతుంది. థునార్‌లో ఆ లైనును కుడి క్లిక్ మెనూలోకి చేర్చుకునే వీలుంది. ఒకసారి కష్టపడి రాసుకున్నాను, ఇప్పుడు నాన్న కూడా వాడతారు. కాకపోతే ఇమేజ్‌మ్యాజిక్‌లో మోగ్రిఫై కమాండ్ అసలు ఫైళ్ళనే మార్చేస్తుంది. ముందు వేరే ఫోల్డర్‌లోకి కాపీ తీసుకోండి.

లాగి వదలడంలో జరిగిన నష్టం ఒకటి ఉంది. ఒకరోజు టచ్‌ప్యాడ్ మీద వేలు జారి, దిద్దిన ప్రూఫుల ఫోల్డర్ పక్క ఫోల్డర్‌లో పడిపోయింది. మరుసటి రోజే పబ్లిషర్‌కి పంపాలి. రెండు గంటలు వెతికాను, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. 2022 చివర్లో వచ్చిన 4.18లో కంట్రోల్ జెడ్‌తో దీన్ని వెనక్కి తీసుకునే వీలు ఇచ్చారు. ఫోల్డర్ల లోపలికి వెళ్ళి వెతకడం, విండోను రెండుగా చీల్చి చూడడం కూడా అందులోనే వచ్చాయి. ఇంత ముఖ్యమైనవి అంత ఆలస్యంగా రావడం మాత్రం నాకు నచ్చలేదు.

తెలుగు విషయానికొస్తే టైపింగ్‌కి లోటు లేదు. ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డ్ అలవాటున్నవాళ్ళు కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే చాలు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళు ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రాములు వేసుకుంటే ఆ పని చేసే ఆర్‌టీఎస్ పద్ధతి దొరుకుతుంది. చూపించడంలోనే తేడా వస్తుంది. మన వత్తులు లైను కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. పైపట్టీని సన్నగా పెడితే విండో పేర్లలో వత్తుల అడుగుభాగం తెగిపోతుంది. పట్టీ ఎత్తు పెంచి, నోటో సాన్స్ తెలుగు ఫాంటును పది పాయింట్లకు తెచ్చాక కుదిరింది. మెనూలను తెలుగులోకి మార్చి చూశాను. కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో వచ్చి నాన్నకు గందరగోళమైంది, తిరిగి ఇంగ్లీషే పెట్టాను. అనువాదకురాలిగా ఇది నాకు బాధగానే ఉంది. అనువాదం లేక ఖాళీగా ఉన్న ఆ వరసలను పూరించాల్సింది మనమే.

ఇక నాకు అసలు సరిపడనిది కొత్త తెరలతో దీని వ్యవహారం. నిరుడు కొన్న లాప్‌టాప్ తెరలో పిక్సెళ్ళు (బొమ్మను ఏర్పరిచే చుక్కలు) బాగా చిక్కగా ఉంటాయి. అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. రెండింతలు చేస్తే మరీ పెద్దవి. ఒకటిన్నర చేస్తే మసక. చివరికి అక్షరాల సైజును పెంచే డీపీఐ అనే సెట్టింగును 120 చేసి నెట్టుకొస్తున్నాను. పక్కన పాత మానిటర్ తగిలిస్తే దానిమీద అవే అక్షరాలు లావైపోతాయి. రెండు తెరలకూ మసక లేకుండా వేర్వేరు కొలతలు కావాలంటే వేలాండ్, అంటే విండోలను తెరమీద చూపించే కొత్త పద్ధతి, కావాలి. 2024 డిసెంబరులో వచ్చిన 4.20లో దాన్ని ప్రయోగాత్మకంగానే ఇచ్చారు, విండోలను జరిపే, పెద్దవి చేసే ఎక్స్‌ఎఫ్‌సీఈ సొంత విండో మేనేజర్ 4.20లో ఇంకా వేలాండ్ మీద నడవదు. మీకు రెండు రకాల మానిటర్లుంటే కేడీఈ చూడండి.

నేనూ ఒక వారం కేడీఈ వాడాను. రెండు తెరలూ చక్కగా కనిపించాయి. కానీ ప్రూఫు దిద్దుతూ మెనూ కోసం నాలుగుసార్లు ఎడమ పై మూలకి వెళ్ళింది చెయ్యి, అక్కడ ఏమీ లేదు. పాత లాప్‌టాప్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ సెట్టింగుల ఫోల్డర్ కాపీ చేసుకుని మళ్ళీ లాగిన్ అయ్యాను. పట్టీ, ఐకాన్లు, షార్ట్‌కట్‌లు అన్నీ 2018లో పెట్టుకున్నట్టే వచ్చాయి. పాత మానిటర్‌ని నాన్న బల్ల మీదికి మార్చేశాను.