హోటల్ కార్డు పాయింట్లని మైల్స్‌గా మార్చుకోవచ్చా? రెండేళ్ళు వాడి చెప్తున్నాను

చెల్లికి నెలలు దగ్గరపడుతున్నాయి, అమ్మ పురుడుకి న్యూజెర్సీ వెళ్ళాలి. టికెట్ డబ్బులు పెట్టి కొనాలా, ఇన్నాళ్ళు పోగేసిన మైల్స్‌తో (విమానం ఎక్కేవాళ్ళకి ఎయిర్‌లైన్స్ ఇచ్చే పాయింట్లు) తీయాలా అని లెక్క చూసుకుంటే 22 వేల మైల్స్ తక్కువ పడ్డాయి. అదే సమయానికి మారియట్ హోటళ్ళ పాయింట్ల పథకం బాన్వాయ్ ఖాతాలో నావి 44 వేల పాయింట్లు ఊరికే పడి ఉన్నాయి. అందులో ముప్పై వేలు ఆఫీసు పని మీద బెంగళూరు, పుణె వెళ్ళి హోటళ్ళలో ఉన్నప్పుడు వచ్చినవి, మిగతావి హెచ్‌డీఎఫ్‌సీ మారియట్ క్రెడిట్ కార్డు మీద వచ్చినవి. ఈ పాయింట్లని మైల్స్‌గా మార్చుకునే సదుపాయం గురించి విన్నానే గానీ అప్పటిదాకా వాడలేదు. ఇప్పుడు వాడాను, ఒకసారి దెబ్బ కూడా తిన్నాను, అందుకే రాస్తున్నాను.

ముందు రేటు చెప్తాను. మూడు పాయింట్లిస్తే ఒక మైలు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ (వాళ్ళ మైల్స్ పథకం పేరు క్రిస్‌ఫ్లయర్), ఎమిరేట్స్, ఖతార్, ఎతిహాద్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఎయిర్ కెనడా, ఇలా చాలా ఎయిర్‌లైన్స్‌కి పంపుకోవచ్చు. కనీసం 3,000 పాయింట్లు పంపాలి. ఒకేసారి 60 వేలు పంపితే మాత్రం రావలసిన 20 వేల మైల్స్‌కి ఇంకో 5 వేలు కలిపి 25 వేలు ఇస్తారు. అసలు కిటుకంతా ఈ 60 వేల దగ్గరే ఉంది. 57 వేలు పంపితే 19 వేల మైల్స్ వస్తాయి, ఇంకో మూడు వేలు కలిపి పంపితే 25 వేలు. మూడు వేల పాయింట్లకి ఆరు వేల మైల్స్ తేడా. ఈ 60 వేల అంకె ఎక్కడిదా అని నాకూ అనుమానం వచ్చేది. స్టార్‌వుడ్ అనే హోటల్ సంస్థ పాత పథకంలో 20 వేల పాయింట్లకి 25 వేల మైల్స్ ఇచ్చేవాళ్ళు. 2018లో ఆ పాయింట్లని మారియట్‌లో కలిపేటప్పుడు ఒక్కోదానికి మూడు చొప్పున ఇచ్చారు. ఆ 20 వేలే ఈ 60 వేలు.

నా దగ్గర 44 వేలే ఉన్నాయి కదా, చెల్లికి ఫోన్ చేశాను. "నావి 18 వేలున్నాయి అన్నయ్యా, నేను ఇప్పట్లో ఏ హోటల్‌కీ వెళ్ళను, తీసేసుకో" అంది. బాన్వాయ్‌లో ఒకరి పాయింట్లు ఇంకొకరికి ఏడాదికి లక్ష దాకా పంపుకోవచ్చు. మొత్తం 62 వేలయ్యాయి. ఇంట్లో వాళ్ళవి తలా కాస్త కలిపి 60 వేలు చేసుకునే వీలుండటం నాకు ఈ పథకంలో అన్నిటికంటే నచ్చిన విషయం.

ఇప్పుడు కార్డు సంగతి. మైల్స్ కోసమే ఈ కార్డు తీసుకుందామనుకునే వాళ్ళు ఈ లెక్క తప్పకుండా చూడండి. 2023 ఆగస్టులో వచ్చిన కార్డిది, నేను తీసుకున్నప్పుడు ఏడాది ఫీజు 3,000 రూపాయలు, జీఎస్టీ అదనం. మారియట్ హోటళ్ళలో 150 రూపాయలకి 8 పాయింట్లు, ప్రయాణాలకి, రెస్టారెంట్లకి, వినోదానికి 4, మిగతా చాలా ఖర్చులకి 2. కిరాణా, బట్టలు, పిల్లల పుస్తకాలు అన్నీ ఆ రెండు పాయింట్ల లెక్కలోకే వస్తాయి. అంటే 60 వేల పాయింట్లు ఆ ఖర్చుల మీదే రావాలంటే 45 లక్షలు గీకాలి. అయిదు వేల బోనస్ కలుపుకున్నా 180 రూపాయల ఖర్చుకి ఒక్క మైలు పడుతుంది. బోనస్ లేకపోతే 225 రూపాయలకి ఒకటి. నేను రెండేళ్ళలో ఏడు లక్షల పైచిలుకు ఖర్చు పెడితే ఈ కార్డు మీద వచ్చింది 14 వేల లోపే. దీంతో మైల్స్ పోగేసి విమానం ఎక్కుదామనుకుంటే ఏళ్ళు గడిచిపోతాయి. కొంతమంది వీడియోల్లో "మీ కార్డుతో ఉచితంగా విదేశీ ప్రయాణం" అని చెప్తుంటే బాధేస్తుంది. చూసేవాళ్ళు జీతం మీద బతికే మనుషులు, ఈ 45 లక్షల లెక్క వాళ్ళకి ముందే చెప్పాలి.

ఇక నాకు తగిలిన దెబ్బ. హోటల్ ఖాతా తెరిచినప్పుడు ఆఫీసు విజిటింగ్ కార్డు మీద ఉన్నట్టే పేరు ముందు, ఇంటిపేరు ఒక్క అక్షరంతో చివర పెట్టాను. ఎయిర్‌లైన్ ఖాతాలో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు ఇంటిపేరు పూర్తిగా ఉంది. రెండు చోట్లా మనిషిని నేనే, కానీ కంప్యూటర్‌కి ఇద్దరు. ఒక రోజు రాత్రి అమ్మ టికెట్‌కి సీటు చూసుకుని వెంటనే 60 వేలు పంపాను. పాయింట్లు ఇక్కడ తగ్గిపోయాయి, అక్కడ మైల్స్ రాలేదు. నాలుగు రోజులు, ఆరు రోజులు, పొద్దున లేవగానే ఫోన్‌లో అదే చూడటం. తొమ్మిదో రోజు పేర్లు కలవలేదని తిప్పి పంపారు. పాయింట్లు మొత్తం వెనక్కి వచ్చాయి, కానీ అప్పటికి ఆ తేదీన సీటు పోయింది. ఎయిర్‌లైన్ వాళ్ళకి ఫోన్ చేస్తే "సభ్యుడి పేరు సరిచూసుకోండి" అన్నారు తప్ప అప్పటిదాకా ఒక్క మెయిలైనా పెట్టలేదు. అమ్మకి చెప్పలేక నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

మన వాళ్ళకి ఈ పేర్ల గొడవ ఎక్కువ. కొందరికి ఇంటిపేరు ముందు, కొందరికి చివర, కొందరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ. కాబట్టి పాయింట్లు పంపకముందే రెండు ఖాతాలూ పక్కపక్కన తెరిచి పేరు అక్షరం అక్షరం చూసుకోండి. తేడా ఉంటే ముందు మార్పించుకోండి. నా హోటల్ ఖాతాలో పేరు మార్పించుకోవడానికి పాస్‌పోర్ట్ కాపీ పంపాల్సి వచ్చింది, రెండు రోజుల్లో అయిపోయింది. ఇంకో సంగతి, ఒకసారి మైల్స్ అయ్యాక మళ్ళీ పాయింట్లుగా వెనక్కి రావు. అందుకని ఒకే తేదీని నమ్ముకోకుండా అటూ ఇటూ రెండు మూడు తేదీల్లో సీట్లు ఉన్నాయో లేదో చూసుకున్నాకే పంపండి.

ఎప్పటికైనా పనికొస్తాయిలే అని ముందుగా మార్చి పెట్టుకోవడం కూడా వద్దు. బాన్వాయ్ పాయింట్లు 24 నెలల్లో ఒక్కసారైనా ఖాతాలో కొత్త పాయింట్లు పడితే బతికే ఉంటాయి, కార్డు వాడుతుంటే చాలు. క్రిస్‌ఫ్లయర్ మైల్స్ మూడేళ్ళకి పోతాయి. మైల్స్ టికెట్ అంటే పూర్తిగా ఉచితమనీ అనుకోకండి. పన్నులు కట్టాలి, కొన్ని ఎయిర్‌లైన్స్ ఇంధనం పేరుతో ఇంకా పెద్ద మొత్తమే వేస్తాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన సొంత విమానాల్లో మైల్స్ టికెట్ల మీద ఆ ఇంధన ఛార్జీ 2017లోనే తీసేసింది. మైల్స్ ఎన్ని కావాలో చూసినట్టే చేతి నుంచి ఎంత కట్టాలో కూడా చూసుకుని ఎయిర్‌లైన్‌ని ఎంచుకోండి.

అమెరికాలో ఉన్న మన వాళ్ళకి ఒక మాట. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కి పంపితే 60 వేలకి 25 కాదు, 30 వేల మైల్స్ వస్తాయి, అన్నిటికంటే మంచి రేటు అదే. అమెరికన్, డెల్టా, అవియాంకా ఎయిర్‌లైన్స్‌కి మాత్రం అయిదు వేల బోనస్ 2022లోనే ఎత్తేశారు, అక్కడ 60 వేలకి 20 వేలే. హిల్టన్, ఐహెచ్‌జీ హోటళ్ళ పాయింట్లున్న వాళ్ళయితే మైల్స్ ఆలోచనే పెట్టుకోవద్దు. ఐహెచ్‌జీలో 10 వేల పాయింట్లిస్తే వచ్చేది రెండు వేల మైల్స్.

మరి బాన్వాయ్ పాయింట్లు దేనికి వాడాలి? నా వరకు హోటల్ గదులకే. వరసగా అయిదు రాత్రులు పాయింట్లతో తీసుకుంటే నాలుగింటికే పాయింట్లు పోతాయి, ఒక రాత్రి మిగులుతుంది. కార్డుతో ఏటా ఒక ఉచిత రాత్రి వస్తుంది, 15 వేల పాయింట్ల లోపు గదికి పనిచేస్తుంది. పోయినేడాది అది వాడి పిల్లల్ని విశాఖ తీసుకెళ్ళాను, కార్డు ఫీజు ఆ ఒక్క రాత్రికే గిట్టింది. మైల్స్‌గా మార్చడం మాత్రం నాకొచ్చిన లాంటి అవసరం వచ్చినప్పుడే. పదీ ఇరవై వేలు తక్కువపడి, మిగతా మైల్స్ అన్నీ చేతిలో ఉండి, సీటు కళ్ళముందు కనిపిస్తున్నప్పుడు ఇది బంగారం లాంటి సదుపాయం. ఆ 22 వేలు లేక నా పాత మైల్స్ అన్నీ అక్కరకి రాకుండా పోయేవి.

పేరు సరిచేశాక రెండోసారి పంపాను, ఈసారి మూడో రోజుకే 25 వేలు పడ్డాయి. మొదట అనుకున్న దానికి నాలుగు రోజుల తర్వాత తేదీకి సీటు దొరికింది. టికెట్ ప్రింట్ తీసి ఇస్తే అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పేరు రెండుసార్లు చదివి, పచ్చళ్ళ జాడీలు ఎన్ని కిలోల దాకా పడతాయో కనుక్కోమంది.