ఎంసెట్‌కి బిట్ల ప్రాక్టీసా, పరీక్ష రాసే ఉపాయమా: ఏది మేలు?

ఇంటర్ సెకండియర్ పిల్లలున్న ఇళ్లలో ఈ వాదన తరచూ వినిపిస్తుంది. రోజుకి ఎన్ని బిట్లు చేస్తే అంత ర్యాంకు అని ఒకరు, ఏ బిట్ వదిలేయాలో తెలిసినవాడిదే ర్యాంకు అని ఇంకొకరు. నా మాట ముందే చెప్పేస్తాను: ఎంసెట్‌కి (ఈఏపీసెట్ అని పేరు మారినా అందరి నోటా అదే) ప్రాక్టీసే మేలు, జేఈఈ మెయిన్ దగ్గరికొస్తే ఉపాయానికి విలువ బాగా పెరుగుతుంది.

ఎంసెట్ ఇంజనీరింగ్ పేపర్లో 180 నిమిషాలకి 160 బిట్లు, అందులో మ్యాథ్సే 80. అంటే చదవడానికీ, లెక్క చేయడానికీ, జవాబు పెట్టడానికీ అన్నిటికీ కలిపి బిట్‌కి 67 సెకన్లు. ఈ వేగం ఏ ప్లాను వేసుకున్నా రాదు, చెయ్యి అలవాటు పడాల్సిందే. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఉపాయం కూడా కొంచెమే: కెమిస్ట్రీ ముందు ముగించుకోవడం, మొండికేసిన బిట్‌ని వదిలి ముందుకెళ్లడం, చివర్లో ఒక్కటీ ఖాళీగా ఉంచకపోవడం. ఒక పూటలో నేర్చుకునే సంగతులివి.

జేఈఈ మెయిన్‌లో అదే మూడు గంటలకి 75 ప్రశ్నలు, ఒప్పుకి 4, తప్పుకి మైనస్ 1. ఇక్కడ రెండు ఆప్షన్లు కచ్చితంగా కొట్టేయగలిగితే మిగతా రెండిట్లో ఒకటి పెట్టడం సగటున ఒకటిన్నర మార్కు లాభం, ఏమీ తెలియకుండా పెడితే పావు మార్కే, అదీ చాలా ప్రశ్నలమీద సగటు చూస్తేనే. ఏది పట్టుకోవాలి, ఏది వదలాలి అన్నది నిజంగా మార్కులు మార్చేది ఇక్కడే. సబ్జెక్టుకి 5 చొప్పున వచ్చే న్యూమరికల్ ప్రశ్నలకి మాత్రం ఆప్షన్లే ఉండవు, అక్కడ కొట్టేసే ఉపాయం పనిచేయదు.

షార్ట్‌కట్ల సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, పిల్లలు ఎక్కువగా మోసపోయేది వాటి దగ్గరే. మ్యాథ్స్‌లో ఒక డిటర్మినెంట్ (వరుసల్లో పేర్చిన పదాల నుంచి ఒకే విలువ తీసే లెక్క) ఇచ్చారనుకోండి, వరుసల్లో 1, ఎ, ఎ క్యూబ్. 1, బి, బి క్యూబ్. 1, సి, సి క్యూబ్. ఎ, బి, సి లకి 0, 1, 2 వేసి ఆప్షన్లతో సరిచూడమంటారు. వేస్తే 6 వస్తుంది. కానీ (ఎ+బి)(బి+సి)(సి+ఎ) కూడా 6, అసలు జవాబు (ఎ−బి)(బి−సి)(సి−ఎ)(ఎ+బి+సి) కూడా 6! ఇలాంటివి బాగా చేసిన పిల్లవాడు ఎ, బి సమానమైతే రెండు వరుసలు ఒకటై విలువ సున్నా కావాలని వెంటనే పట్టేసి, అలా సున్నా కాని మొదటిది కొట్టేస్తాడు. ట్రిక్ ఒక్కటే బట్టీ పట్టినవాడు అక్కడే ఆగిపోతాడు, టెన్షన్ మొదలవుతుంది, తర్వాతి నాలుగు బిట్లూ దెబ్బతింటాయి.

అలాగని పుస్తకాల మీద పుస్తకాలు తిరగేయడాన్ని నేను ప్రాక్టీస్ అనను. గ్రాండ్ టెస్ట్ (అసలు పరీక్షలాంటి పూర్తి నమూనా పరీక్ష) రాసి, మార్కులు చూసుకుని, మర్నాడు ఇంకో టెస్ట్‌కి కూర్చునే పద్ధతి చాలాచోట్ల ఉంది, నాకది అస్సలు నచ్చదు, తప్పుపోయిన బిట్ ఎందుకు పోయిందో చూసే తీరికే పిల్లలకి ఇవ్వరు. ఫార్ములా తెలియకపోయిందా, ప్లస్ మైనస్ గుర్తు మారిపోయిందా, ప్రశ్న సరిగా చదవలేదా? మూడింటికీ మందు వేరు.

పరీక్షకి నెల రోజులే ఉంటే కొత్త మెటీరియల్ కొనకండి. రోజు విడిచి రోజు ఒక పాత పేపర్, పరీక్ష సెషన్ ఏ వేళకుంటే ఆ వేళకే, టైం పెట్టుకుని రాయండి, మధ్య రోజంతా ఆ పేపర్లో పోయిన బిట్లకే ఇవ్వండి.