అక్రాయిడ్, ఓరియంట్ ఎక్స్‌ప్రెస్, ఆ దీవిలో పదిమంది: ఏ ముగింపు మేలు?

2013లో బ్రిటన్ నేరకథా రచయితల సంఘం తన 60వ ఏట సభ్యుల చేత ఓటు వేయించింది. ఇప్పటిదాకా వచ్చిన నేర నవలల్లో అన్నిటికన్నా మిన్న ఏది? అగాథా క్రిస్టీ 1926లో అచ్చువేయించిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ అని తేలింది. రెండేళ్ళ తర్వాత ఆవిడ 125వ జయంతికి ఇదే తరహా ప్రశ్న పాఠకుల ముందు పెట్టారు. వాళ్ళు 1939 నాటి ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’కు పట్టం కట్టారు. 1934 నాటి ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ రెండోది, అక్రాయిడ్ మూడోది.

అంటే కథలు అల్లేవాళ్ళ తీర్పు ఒకటి, చదివేవాళ్ళ తీర్పు ఇంకొకటి. మూడూ చివరి పేజీల్లో నేల కదిలించే పుస్తకాలే. మరి తేడా ఎక్కడొచ్చింది? నా మొగ్గు రచయితల వైపు. ఎందుకో చెప్పేలోపు ఒక మాట: హంతకుడెవరో ఇక్కడ ఎక్కడా చెప్పను. అద్దె పుస్తకాల షాపుల రోజుల్లో మొదటి పేజీలోనే పెన్సిల్‌తో హంతకుడి పేరు రాసి పుణ్యం కట్టుకునే మహానుభావులు ఉండేవాళ్ళు. వాళ్ళ జాబితాలో చేరే ఉద్దేశం లేదు.

ముందు అక్రాయిడ్. ఇంగ్లండ్‌లో కింగ్స్ అబాట్ అనే పల్లెటూరు. ఒక వితంతువు నిద్రమందు మోతాదు మించి చనిపోతుంది. ఆమెను పెళ్ళాడాలనుకున్న ఊరి ధనవంతుడు అక్రాయిడ్ మర్నాడు రాత్రి తన గదిలో కుర్చీలోనే కత్తిపోటుకు బలైపోతాడు. ఊరి డాక్టరు పక్కింట్లో, ఉద్యోగం చాలించుకుని గుమ్మడి జాతి కాయలు పండించుకుంటున్న ఒక పొట్టి బెల్జియన్ ఉంటాడు. ఆయనే క్రిస్టీ డిటెక్టివ్ హెర్క్యూల్ పొయిరో. కథ చెప్పేది ఆ డాక్టరే. ఆయన అక్క కారొలైన్ గడప దాటకుండానే ఊళ్ళో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో చెప్పగలదు. ఈ పుస్తకంలో నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి ఆవిడే. క్రిస్టీ మరో డిటెక్టివ్, ముసలావిడ మిస్ మార్పుల్‌కు బీజం ఈమె దగ్గరే పడి ఉండవచ్చని క్రిస్టీ తన ఆత్మకథలో రాసుకుంది కూడా.

పైపైన చూస్తే చాలా మామూలు సరుకు. దత్తపుత్రుడి లాంటి సవతి కొడుకు, డబ్బు అవసరంలో ఉన్న బంధువులు, ఏదో దాస్తున్న బట్లర్, వీలునామా. మన పాకెట్ సైజు డిటెక్టివ్ నవలల్లో కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌తో తిరిగినవాళ్ళకు ఈ సామాను కొత్తకాదు. క్రిస్టీకి కావలసిందీ అదే. అలవాటైన దారిలో నడుస్తున్నామన్న ధీమా పాఠకుడికి కలగాలి.

ఆ ధీమా విరిగినప్పుడు వచ్చిన కోపమే ఈ పుస్తకం చరిత్ర. మోసం అన్నారు కొందరు. 1928లో అమెరికన్ రచయిత వాన్ డైన్ డిటెక్టివ్ కథలకు ఇరవై నియమాలు రాశాడు. నేరస్తుడు డిటెక్టివ్ మీద ప్రయోగించే ఎత్తులు తప్ప, పాఠకుడి మీద వేరే ఎత్తులు వేయకూడదన్నది వాటిలో ఒకటి. అక్రాయిడ్ ఆ నియమాన్ని దాటిందా లేదా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ఇంకో నేరకథా రచయిత్రి డొరొతీ సేయర్స్ మాత్రం క్రిస్టీ పక్షాన నిలబడింది. అందరినీ అనుమానించడం పాఠకుడి పని, ఆ పని చేయకుండా రచయిత్రిని తిడితే ఎలా అన్నది ఆమె వాదన సారం. ఈ పుస్తకం వల్లే క్రిస్టీని నేరకథా రచయితల డిటెక్షన్ క్లబ్ నుంచి వెళ్ళగొట్టబోయారని, సేయర్స్ ఓటుతో గట్టెక్కిందని ఒక కథ తిరుగుతుంటుంది. వినడానికి బాగుంటుంది కానీ లెక్క కుదరదు. పుస్తకం 1926లో వస్తే క్లబ్ పుట్టింది 1930లో.

‘మోసం’ అనేవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, ఒప్పుకోను. జాగ్రత్తగా చదివితే తాను అన్యాయం చేయలేదని తెలుస్తుందని క్రిస్టీ వాదించింది. రెండోసారి చదివితే ఆవిడ మాటే నెగ్గుతుంది. గోడ దగ్గర ఉండాల్సిన కుర్చీ ఒకటి ముందుకు ఎందుకు జరిగింది? రాత్రి పూట స్టేషన్ నుంచి వచ్చిన ఫోను ఎవరికి అవసరం? ఇవన్నీ పొయిరో మన ముందే అడుగుతాడు, మన ముందే ఆశ్చర్యపోతాడు. మొదటిసారి కళ్ళు జారిపోయిన మామూలు వాక్యాలు రెండోసారి ఒక్కొక్కటీ రెండర్థాలతో నిలబడతాయి. దాచినది వస్తువును కాదు, మన చూపును. ఇంతకు మించి చెబితే గుట్టు బయటపడుతుంది.

ఒక విచిత్రమైన పాఠకుణ్ణి మాత్రం చెప్పి తీరాలి. ఫ్రెంచి ప్రొఫెసర్ పియేర్ బయార్ 1998లో ఒక పుస్తకమే రాశాడు: పొయిరో తప్పు మనిషిని పట్టుకున్నాడట, అసలు హంతకుడు వేరేనట. ఆయన వాదన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, డెబ్బై ఏళ్ళు దాటిన కేసును తిరగదోడే ఓపిక ఒక సాహిత్య ఆచార్యుడికి కలిగించిందంటే అక్రాయిడ్ చావలేదన్నమాట. అంతకుముందు 1945లో అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్, అక్రాయిడ్‌ను ఎవరు చంపితే ఎవరికి కావాలి అనే అర్థం వచ్చే శీర్షికతో డిటెక్టివ్ కథల మీద విరుచుకుపడ్డాడు. ఆ జాతి పుస్తకాలన్నిటినీ తిట్టడానికి ఆయనకు దొరికిన పేరు కూడా ఇదే.

ఇక ఓరియంట్ ఎక్స్‌ప్రెస్. ఇస్తాంబుల్ నుంచి బయల్దేరిన రైలు యుగోస్లావియాలో మంచులో చిక్కుకుంటుంది. రాచెట్ అనే అమెరికన్ తాళం వేసిన తన రైలు గదిలో పన్నెండు కత్తిపోట్లతో శవమై కనిపిస్తాడు. కొన్ని పోట్లు లోతు, కొన్ని గీతల్లాంటివి. పోలీసులు రాలేరు, హంతకుడు దిగిపోలేడు. క్రిస్టీకి ఈ ఊహ గాలిలోంచి రాలేదు. 1929లో ఆ రైలు టర్కీలో రోజుల తరబడి మంచులో ఆగిపోయింది. 1931 డిసెంబరులో ఆవిడే అందులో వస్తుంటే వరదల వల్ల దారిలో నిలిచిపోయింది. కథ వెనక ఉన్న పసిబిడ్డ అపహరణకు 1932లో అమెరికాను కుదిపిన లిండ్‌బర్గ్ కేసు మూలం.

ఈ పుస్తకం గురించి ఎవర్ని అడిగినా మొదటి ఫిర్యాదు ఒకటే: మధ్యలో సాగదీత. నిజమే. నవల మూడు భాగాలు. మొదటిది జరిగినది, రెండోది సాక్ష్యాలు, మూడోది పొయిరో కూర్చుని ఆలోచించడం. ఆ రెండో భాగంలో ప్రయాణికులు వరసగా వచ్చి వాంగ్మూలం ఇచ్చి పోతుంటారు. రుమాలు, పైపు శుభ్రం చేసే తీగ, ఎర్ర కిమోనో, ఆగిపోయిన గడియారం... క్లూలు ఎక్కువై ఊపిరాడదు. క్రిస్టీ కావాలనే అలా చేసిందని చివర్లో అర్థమవుతుంది. కానీ వంద పేజీలు విసిగించి, ఆ విసుగుకు కారణం ఉందని చివర్లో చెప్పినంత మాత్రాన విసుగు పోదు కదా.

ముగింపు సంగతి వేరు. అమెరికన్ నేరకథా రచయిత రేమండ్ చాండ్లర్ 1944లో దీన్ని ఎద్దేవా చేశాడు. ఎంతటి తెలివిగలవాడికైనా అందదు, బుర్ర తక్కువవాడు తప్ప ఎవరూ ఊహించలేరు అన్నది ఆయన వెటకారం. ఆ వెటకారంలో న్యాయం ఉంది. తార్కికంగా చూస్తే ఇది నమ్మశక్యం కాని ఏర్పాటు. అయినా పాఠకులు దీన్ని రెండో స్థానంలో నిలిపింది తర్కం చూసి కాదు. చట్టం వదిలేసినవాణ్ణి ఏం చేయాలన్న ప్రశ్న దగ్గర పొయిరో రెండు జవాబులు చెప్పి, ఎంపిక పక్కవాళ్ళకు వదిలేస్తాడు. అక్కడ తెలివి పక్కకు తప్పుకుని మనసు పనిచేస్తుంది. మన సినిమాలు ఎన్నో సార్లు అరిచి చెప్పిన సంగతిని ఈ పుస్తకం ఒక డైనింగ్ కారులో, గొంతు పెంచకుండా చెబుతుంది.

దీనికి ఇంకో నష్టం ఉంది, అది రచయిత్రి తప్పు కాదు. 1974లో ఒకసారి, 2017లో ఇంకోసారి పెద్ద తారలతో సినిమాలు వచ్చాయి. ముగింపు తెలియనివాళ్ళు తక్కువ. తెలిసి చదివితే మధ్యభాగం నిజానికి మెరుగుపడుతుంది, ఎవరు ఎలా నటిస్తున్నారో చూస్తూ కూర్చోవచ్చు. మెరుపు మాత్రం పోతుంది.

ఇక చివరిది, ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’. పోటీలో దీని అసలు బలం వేగం. డెవన్ తీరంలో ఒక దీవి, చాలావరకు ఒకరికొకరు తెలియని పదిమంది, పిలిచినవాడు కనిపించడు. భోజనాల తర్వాత ఒక గ్రామఫోన్ రికార్డు మోగుతుంది. మీలో ప్రతి ఒక్కరూ ఫలానా చావుకు కారణం అని పేరు పేరునా చదువుతుంది. ప్రతి గదిలో ఒక పిల్లల పాట తగిలించి ఉంటుంది, బల్లమీద పది బొమ్మలు. పాటలో ఎలా ఉంటే అలా ఒక్కొక్కరు పోతుంటారు, ఒక్కో బొమ్మ మాయమవుతుంటుంది. కేసు విప్పే డిటెక్టివ్ లేడు. పొయిరో ఉన్నాడంటే చివర్లో అన్నీ సర్దుతాడన్న భరోసా. ఇక్కడ ఆ భరోసా తీసేసింది. ఒక్క రాత్రిలో పూర్తి చేశామని చెప్పేవాళ్ళు ఎక్కువగా ఈ పుస్తకం గురించే చెబుతారు. హిందీలో 1965లో ‘గుమ్‌నామ్’ ఈ దారిలోనే నడిచింది. మూసిన ఇంట్లో ఒక్కొక్కరూ పోయే సినిమాలకు లెక్కేలేదు.

పనితనం కూడా తక్కువేం కాదు. అందరి మనసుల్లోకీ, హంతకుడి మనసులోకి కూడా, మనల్ని తీసుకెళ్తుంది. ఒకచోట ఎవరి ఆలోచనో చెప్పకుండా వరసగా ఆలోచనలు పేర్చింది. అబద్ధం ఆడదు, పేరు చెప్పదు. మరి నాకు ఎక్కడ పేచీ? ముగింపును ఎవరూ సాధించరు. లండన్ పోలీసులు తలలు పట్టుకుంటారు, ఆ తర్వాత ఒక లిఖిత వాంగ్మూలం వచ్చి అంతా విప్పి చెబుతుంది. ఎంత బాగా రాసినా, మనకు అందే అవకాశం ఇవ్వని జవాబును కవరులో పెట్టి చేతికిచ్చినట్టే. భయపెట్టడంలో దీన్ని మించింది లేదు. కొసమెరుపు మాత్రం బయటినుంచి తెచ్చి అతికించింది. 1943లో నాటకంగా మార్చినప్పుడు క్రిస్టీయే వేరే ముగింపు రాసింది, 1945 నాటి రెనే క్లేర్ సినిమా ఆ నాటకం ముగింపునే వాడుకుంది. వేరే ముగింపుతోనూ కథ నడిచిందంటే, అది కథలోంచి తప్పనిసరిగా పుట్టింది కాదనే నా అనుమానం. అక్రాయిడ్ ముగింపును మార్చి చూడండి, ఒక్క పేజీ కూడా మిగలదు.

పాఠకులు దీవికి ఓటు వేయడం ఇందుకే న్యాయంగా తోస్తుంది. వాళ్ళు చదువుతున్నప్పటి రాత్రికి ఓటు వేశారు. రచయితలు మాత్రం, ఇది నేను చేయగలనా అని చూసుకుంటూ ఆ కట్టడానికి ఓటు వేశారు. ‘నేను సగంలోనే కనిపెట్టేశాను’ అనేవాళ్ళు మూడింటి విషయంలోనూ ఉంటారు. అక్రాయిడ్ విషయంలో అలా అనేవాళ్ళను ఎందుకు అనుమానించారని అడిగి చూడండి. చాలామందికి పేరు తట్టింది, కారణం తట్టలేదు.

ఇంగ్లీషు నవల ఇదివరకు చదవనివాళ్ళకు నా సలహా: దీవితో మొదలుపెట్టండి. వాక్యాలు పొట్టి, కథ పరుగు. పదిమంది పేర్లు మొదట్లో తికమక పెడతాయి, ఒక చీటీ మీద రాసుకుంటే సరి. ఓరియంట్ సినిమా చూసి ఉంటే నవల తర్వాత ఎప్పుడైనా చదవవచ్చు, తొందరేం లేదు. చూడకపోతే సినిమాకన్నా ముందే చదవండి. పొయిరోతో అలవాటు లేకుండా అక్రాయిడ్ జోలికి పోకండి. డిటెక్టివ్ కథ ఎలా నడుస్తుందో నాలుగైదు పుస్తకాల్లో ఒంటబట్టాక చదివితేనే ఆ దెబ్బ తగలాల్సిన చోట తగులుతుంది. అట్టవెనక రాసినది, ముందుమాట, రెండూ చదవకుండా నేరుగా మొదటి అధ్యాయానికి పోండి. కొన్ని ముద్రణల ముందుమాటల్లో గుట్టు అక్కడే విప్పేస్తారు.