పెద్ద స్క్రీన్ ఫోన్ ఆన్‌లైన్‌లో కొనేముందు వెడల్పు, బరువు చూస్కోండి (నాకు 27,999 అయ్యాక తెలిసింది)

ఎవరైనా 6.7, 6.8 ఇంచుల ఫోన్ కార్ట్‌లో పెట్టుకుని సేల్ కోసం ఎదురుచూస్తున్నారా, డబ్బులు కట్టేముందు ఇది చదవండి. ముందే చెప్తున్నా, ఫోన్ చెడ్డది కాదు. కెమెరా బాగుంది, బ్యాటరీ రోజున్నర వస్తుంది, హ్యాంగ్ కూడా అవ్వట్లేదు. అసలు చిక్కే అది, లోపం ఏదైనా ఉంటే మార్చేవాళ్లు, ఏ లోపమూ లేదు కాబట్టి నా నెత్తినే పడింది. నా చేతికి పట్టలేదు, అంతే.

దసరా సేల్‌లో కొన్నా. అంతకుముందు 6.1 ఇంచులది నాలుగేళ్లు వాడా. దానికీ 6.8కీ ముప్పావు ఇంచు కూడా తేడా లేదు కదా, ఏమవుతుందిలే అనుకున్నా. మా తమ్ముడు కూడా "అక్కా, ఇప్పుడు అందరూ పెద్దవే వాడుతున్నారు, రెండ్రోజుల్లో అలవాటైపోద్ది" అన్నాడు. వాడి చెయ్యి చూడాలి మీరు, అరచేతిలో దోసకాయ దాచేస్తాడు.

నేను రోజూ దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీకి వెళ్తా. సీటు దొరకడం అనే మాటే లేదు. ఒక చెయ్యి పైన హ్యాండిల్‌కి, భుజాన బ్యాగు, మోచేతికి లంచ్ బాక్స్ సంచి, ఇక మిగిలిన ఒక్క చెయ్యే ఫోన్‌కి. పాత ఫోన్‌తో ఇదంతా ఆలోచించకుండా జరిగిపోయేది. కొత్తదాంట్లో పైన నోటిఫికేషన్లు కిందకి లాగాలంటే ఫోన్‌ని అరచేతిలో కిందకి జార్చుకుంటూ పోవాలి, మళ్లీ టైప్ చెయ్యాలంటే పైకి ఎక్కించుకోవాలి, ఈ జార్చడం ఎక్కించడంలో బొటనవేలి మొదట్లో ఉండే కండ అంచుకి తగిలి నేను నొక్కనిది ఏదో ఓపెన్ అవుద్ది. ఒకసారి అలాగే ఆఫీసు గ్రూప్‌లో మా మేనేజర్‌కి వీడియో కాల్ వెళ్లింది, పొద్దున్నే ఎనిమిదింటికి. తెలుగులో టైప్ చెయ్యడం సరే సరి, ఎడం పక్క అక్షరాలు నా బొటనవేలికి అందవు, "అమ్మా" అని కొడదామంటే ఇంకేదో పడుద్ది.

ఇంచులంటే స్క్రీన్ ఈ మూల నుంచి ఆ మూలకి ఏటవాలుగా కొలిచే లెక్క. చేతిలో పట్టుకునేది ఆ ఏటవాలుని కాదు, వెడల్పుని. ఇది నాకు కొన్నాక తెలిసింది. ఉదాహరణకి ఐఫోన్ 8 ప్లస్ 5.5 ఇంచులే, కానీ వెడల్పు 78.1 మిల్లీమీటర్లు. ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్ 6.7 ఇంచులు, వెడల్పు 76.7. అంటే ఇంచులు పెరిగినా ఫోన్ సన్నబడింది, పాతవాటికి పైనా కిందా పక్కలా అంచులు ఎక్కువ, స్క్రీన్ కూడా ఇప్పటంత పొడుగు కాదు. 2011లో వచ్చిన గెలాక్సీ నోట్‌ది 5.3 ఇంచులే, వెడల్పు మాత్రం దాదాపు 83. కాబట్టి "6.5 అంటే చేతికి పట్టుద్దా" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. నా పాతది 71 మిల్లీమీటర్లు, కొత్తది 78. ఏడు మిల్లీమీటర్లంటే చిటికెన వేలు గోరంత, కానీ ఆ గోరంతే నా వేళ్లు వెనక నుంచి తిరిగి అటుపక్క అంచుని గట్టిగా పట్టుకోవడానికీ, ఊరికే ఆనించి ఉంచడానికీ తేడా.

బరువు ఇంకో కథ. వెబ్‌సైట్‌లో 219 గ్రాములు అని ఉంది. దానికి టెంపర్డ్ గ్లాసు, వెనక కవరు వేసి వంటింట్లో కాటా మీద పెట్టా, 256 చూపించింది. పావుకిలో! పావుకిలో టమాటాలు చిటికెన వేలి మీద ఆనించుకుని ముప్పావుగంట నిలబడమంటే నిలబడతామా, ఫోన్ అయితే మాత్రం నిలబడతాం.

మూడు వారాలకి కుడి మణికట్టు, బొటనవేలు వైపు, పట్టేసినట్టు నొప్పి. డాక్టర్ బొటనవేలిని పిడికిట్లో మూసి చేతిని చిటికెన వేలు వైపుకి వంచమన్నాడు, వంచగానే ప్రాణం పోయినంత పనైంది. బొటనవేలిని కదిలించే టెండాన్లు (కండని ఎముకకి కలిపే తాళ్లలాంటివి) ఒరుసుకుని వాచాయంట. మొత్తం ఫోన్ వల్లే అని ఆయన అనలేదు, ఇంట్లో మా అక్క కొడుకుని ఎత్తుకుని తిరగడం కూడా ఉంది, కానీ ముందు ఆ ఫోన్ ఒంటి చేత్తో వాడటం మానెయ్యి అన్నాడు. మణికట్టుకి పట్టీ వేసుకుని నెల తిరిగా. ఈ లోపు ఫోన్ అమీర్‌పేట ఎస్కలేటర్ మీద జారి పడి మూల చీలింది కూడా, స్క్రీన్ మార్చడానికి 9,000 పైన చెప్పారు.

రిటర్న్ పెడదామని అంతకుముందే ట్రై చేశా, వచ్చిన నాలుగో రోజే. కస్టమర్ కేర్ అమ్మాయి చాలా మర్యాదగా "మేడమ్, ఏడు రోజుల రీప్లేస్‌మెంట్ మాత్రమే, అది కూడా ప్రోడక్ట్‌లో డిఫెక్ట్ ఉంటేనే" అంది. సైజు ఎక్కువైంది అంటే చెప్పులు కాదు కదా మేడమ్ అనలేదు గానీ గొంతులో అదే వినిపించింది. పేజీలో ఆ ముక్క ఉంది, చిన్న అక్షరాల్లో, నేనే చూడలేదు. మీరు "రిటర్న్" అని ఉందా "రీప్లేస్‌మెంట్" అని ఉందా అని తప్పకుండా చూడండి, రెండూ ఒకటి కాదు. పాత ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇవ్వకపోవడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని, అదీ 4,500కి అడిగారని కోపంతో.

వన్ హ్యాండెడ్ మోడ్ ఉంది కదా అంటారు. ఉంది, స్క్రీన్ పై సగం కిందకి దిగుద్ది, ప్రతిసారీ అది లాగడానికి ఇంకో గీత గియ్యాలి, పెద్ద స్క్రీన్ కొనుక్కుని సగమే వాడుకోవడం నాకైతే నవ్వొచ్చింది. గూగుల్ వాళ్ల టైపింగ్ యాప్ జీబోర్డ్‌లో కీబోర్డ్‌ని ఒక పక్కకి జరిపే ఆప్షన్ మాత్రం నిజంగా పనికొచ్చింది. వెనక అంటించే రింగ్ కూడా కొన్నా, పట్టు బాగుంది కానీ బల్ల మీద పెడితే తిన్నగా ఉండదు, బరువేమీ తగ్గదు.

కొనే ముందు నేను చెయ్యాల్సింది ఇది. స్పెసిఫికేషన్లలో బాగా కిందకి వెళ్తే డైమెన్షన్స్ అని ఉంటుంది, ఆ పొడవు వెడల్పుకి అట్టపెట్టె ముక్క కోసి ఒక రోజు చేత్తో పట్టుకుని చూడండి, బొటనవేలు అవతలి అంచుకి వెళ్తుందో లేదో అక్కడే తెలిసిపోద్ది. షాపుకి వెళ్లే వీలుంటే ఇంకా మంచిది, కానీ వెనక అలారం వైరు అంటించిన పీసుతో బరువూ తెలీదు పట్టూ తెలీదు, అది తీసి ఇమ్మని అడగండి, మొహం చిట్లించినా ఇస్తారు. నిలబడి, ఇంకో చేతిలో బ్యాగు పెట్టుకుని పట్టుకోండి.

చిన్న ఫోన్ కొందామంటే దొరకట్లేదు, అదొక బాధ. ఐఫోన్ మినీ 5.4 ఇంచులు, 64.2 మిల్లీమీటర్లు, 2021లో వచ్చిన 13 మినీయే ఆఖరిది. 2023లో ఆసుస్ తెచ్చిన జెన్‌ఫోన్ 10 వెడల్పు 68.1, దాని తర్వాతది ఏకంగా 6.78 ఇంచులైపోయింది.

ఇప్పుడు ఆ ఫోన్ నాన్న దగ్గరుంది. అక్షరాలు పెద్దగా పెట్టుకుని, టీపాయ్ మీద పడుకోబెట్టి, చూపుడు వేలితో నొక్కుతూ పేపర్ చదువుతాడు. "ఇంత మంచి ఫోన్ ఎందుకు వద్దన్నావే" అని రోజూ ఒకసారి అడుగుతాడు. నేను పాతదానికే 1,700 పెట్టి బ్యాటరీ మార్పించా. 71 మిల్లీమీటర్ల లోపు, 175 గ్రాముల లోపు, 30 వేలకి ఏదైనా ఉంటే చెప్పండి, సంక్రాంతి సేల్ దాకా ఆగుతా.