కోర్టు అమీనా మీద ఫిర్యాదు: ఎక్కడ ఇస్తే మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో అప్పు డిక్రీ (బాకీ కట్టమన్న కోర్టు తీర్పు) జప్తుకని వచ్చిన అమీనా, అంటే కోర్టు వారంటు అమలుచేసే ఉద్యోగి, వంటగిన్నెలు కూడా పట్టుకుపోతే ఎవరికి చెప్పుకోవాలి? పక్కనే ఆంధ్రలోని పాతపట్నంలో ఉన్న చుట్టాలు "ఏసీబీకి (అవినీతి నిరోధక శాఖకు) ఫోన్ చెయ్యి బావా" అంటారు. ఒడిశాలో అవినీతి కేసులు చూసేది విజిలెన్స్ శాఖ. అయినా గిన్నెల గొడవకు ముందు వెళ్లాల్సింది అక్కడికి కాదు.

నా లెక్కలో మొదటి మెట్టు, వారంటు ఇచ్చిన కోర్టే. అవసరమైన కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతివృత్తివాళ్ల పనిముట్లు జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతోంది. చరాస్తి జప్తుకు పొద్దుగూకాక, తెల్లవారకముందు ఇంట్లోకి రాకూడదని 62వ సెక్షన్. ఇలాంటివి జరిగితే 47వ సెక్షన్ కింద అదే కోర్టులో పిటిషన్ వేయొచ్చు, వేరే దావా అక్కర్లేదు. బాకీదారుడి ఇంట్లో ఉన్న తమ్ముడి బైకు పట్టుకుపోతే, తమ్ముడే అదే కోడ్‌లోని ఆర్డర్ 21 రూల్ 58 కింద క్లెయిమ్ వేయాలి. వేలం అయిపోయాక వేస్తే తీసుకోరు. అందుకే ఈ దారిలో తొందర ముఖ్యం. సామాను తిరిగొచ్చే దారి కూడా ఇదొక్కటే.

జిల్లా జడ్జికి ఇచ్చే ఫిర్యాదు వేరు. అది అమీనా మీద చర్యకు. 1962 నాటి ఒడిశా సివిల్ సర్వీసెస్ నియమాల ప్రకారం అతనికి ఆరోపణల పత్రం ఇస్తారు, జవాబు అడుగుతారు, విచారణ పెడతారు. మందలింపు నుంచి డిస్మిస్ దాకా ఏదైనా పడొచ్చు. విచారణ లేకుండా మామూలుగా ఉద్యోగం తీసేయడానికి రాజ్యాంగం 311వ అధికరణం ఒప్పుకోదు, కాబట్టి ఆలస్యం తప్పదు. అందులో మీరు సాక్షి మాత్రమే. క్రిమినల్ కేసుకు కావాల్సినంత గట్టి రుజువు ఇక్కడ అడగరు, అదొక్కటే సుళువు.

లంచం అడిగితే మాత్రం ఇవ్వకముందే విజిలెన్స్‌కు చెప్పాలి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇచ్చినవాడిదీ నేరమే. బలవంతం మీద ఇచ్చి ఉంటే ఏడు రోజుల్లోపు చెప్పాలి.

మిగతా అన్నిటికీ ముందు కోర్టు పిటిషన్, దాని మీద వచ్చిన ఆర్డర్ జతచేసి జిల్లా జడ్జికి ఫిర్యాదు. ఈ వరస మేలు. జప్తు ఏ రోజు, ఎలా చేశాడో అమీనా వారంటు మీదే రాయాలి. దాని నకలు తీసుకోండి, రెండు చోట్లా పనికొస్తుంది.