పాత సీడీ ప్లేయర్: లోపల మార్పులు చేయించడమా, బయట డాక్ తగిలించడమా?

ఇంట్లో పాతికేళ్ల నాటి సీడీ ప్లేయర్ ఉంది, పాట మునుపటంత నిండుగా వినిపించడం లేదు, లోపలి ఆప్‌యాంప్‌లూ (శబ్ద సంకేతాన్ని బలపరిచి బయటికి పంపే చిప్పులు) కండెన్సర్లూ మార్పించుకోవడం మేలా, లేక బయట ఒక డాక్ (డీఏసీ, అంటే సీడీలోని అంకెలను శబ్ద సంకేతంగా మార్చే పెట్టె) కొని తగిలించుకోవడం మేలా అని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. వారిలో చాలామంది దగ్గరున్నవి తొంభైల్లో బావగారో బాబాయిగారో గల్ఫ్ నుంచి మోసుకొచ్చిన సెట్లు. అమెరికా నుంచి వచ్చినవాటికి 120 వోల్టుల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా తోడుంటుంది. నాదీ గల్ఫ్ సరుకే. నిరుడు దాని విషయంలో రెండు దారులూ తొక్కి చూశాను కాబట్టి, విన్న మాటలు పక్కనపెట్టి చేతులు కాల్చుకుని తెలుసుకున్నదే రాస్తున్నాను.

నిరుడు సంక్రాంతికి ముందు ఇంటికి రంగులు వేయించాం. ఆ తరువాత ఒక రాత్రి వీణ కచేరీ సీడీ పెడితే, మృదంగం ఎడమవైపు తొప్పి మీద లోతుగా మోగే గుమికి అసలు గదిలోనే లేదు. వీణ కూడా రెండు స్పీకర్ బాక్సుల నడుమ ఒకచోట నిలబడకుండా గోడల పొడుగునా పరుచుకున్నట్టు వినిపించింది. ప్లేయర్ ముసలిదైపోయిందని నాకు నేనే తీర్మానించుకుని, కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి, లోపలున్న ఎన్‌ఈ5532 కంటే ఐదారు రెట్లు వేగమైన ఆప్‌యాంప్ ఒకటి తెచ్చి దాని స్థానంలో పెట్టాను. కొత్తది పది నిమిషాల్లో వేలు పెట్టలేనంత వేడెక్కింది. పాటకూ పాటకూ మధ్య విరామంలో సన్నటి బుస మొదలైంది. ఇంత వేగమైన చిప్‌కు కరెంటు కాళ్ల పక్కనే 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ ఉండాలి. అది దూరంగా ఉంటే చిప్ తనంతట తానే చెవికి అందని పౌనఃపున్యంలో ఊగిపోతుంది. నా బోర్డు మీద ఆ కండెన్సర్ రెండంగుళాల దూరంలో ఉంది. అవన్నీ సరిచేశాక కూడా గుమికి తిరిగి రాలేదు. చివరకు తేలిందేమిటంటే, గోడలకు రంగు ఆరాక తీగలు మళ్లీ కలిపినప్పుడు ఎడమ బాక్సుకు ప్లస్సూ మైనస్సూ నేనే తారుమారు చేశాను. దాంతో రెండు బాక్సుల బేస్ ఒకదాన్నొకటి చెరిపేసుకుంది.

అందుకే ఏ దారి మేలన్న చర్చకు ముందు తప్పు ప్లేయర్‌లో ఉందో లేదో తేల్చుకోవడం తప్పనిసరి అంటాను. తీగలు తారుమారయ్యాయేమో చూడడానికి యాంప్లిఫయర్ దగ్గర స్పీకర్ తీగలు ఊడదీసి, ఒకటిన్నర వోల్టు బ్యాటరీని ఒక్క క్షణం తాకించి, రెండు బాక్సుల్లోనూ కోన్ ఒకే వైపు కదులుతోందా అని గమనిస్తే చాలు. ఒక పక్క శబ్దం తగ్గితే ప్లేయర్ నుంచి వచ్చే ఎడమ, కుడి ఆర్‌సీఏ పిన్నులను యాంప్లిఫయర్ దగ్గర అటూ ఇటూ మార్చాలి. లోపం రెండో పక్కకు మారితే తప్పు ప్లేయర్‌దో దాని తీగదో అవుతుంది, అదే పక్క ఉండిపోతే యాంప్లిఫయర్‌దో బాక్సుదో అవుతుంది. గుర్రుమనే హమ్ వస్తుంటే, అదే యాంప్లిఫయర్‌కు టీవీ కూడా కలిపి ఉంటే, ముందు కేబుల్ టీవీ తీగను పీకి చూడాలి. అప్పుడు హమ్ ఆగిపోతే అది రెండు చోట్ల ఎర్త్ కలవడం వల్ల ఏర్పడే ఎర్త్ లూప్ తెచ్చిన తంటా, దానికి ప్లేయర్ విప్పనవసరం లేదు. ఇక గది సంగతి చెప్పాలంటే, పన్నెండు అడుగుల పొడవున్న గదిలో 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం గోడకూ గోడకూ మధ్య నిలిచిపోయి, గోడ పక్కన కూర్చుంటే బేస్ ఉబ్బినట్టూ గది నడుమ కూర్చుంటే మాయమైనట్టూ వినిపిస్తుంది. దీన్ని ఏ ఆప్‌యాంపూ మార్చలేదు, కుర్చీ రెండడుగులు జరిపితే మారుతుంది.

ఇవన్నీ చూశాక కూడా తప్పు ప్లేయర్‌దే అని తేలిందనుకుందాం. లోపల మార్పులంటే సాధారణంగా రెండు పనులు: అంకెలను పాటగా మార్చే లోపలి డాక్ చిప్ తరువాత ఉండే ఆప్‌యాంప్ మార్చడం, వయసు మీరిన ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు మార్చడం. జనం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు కానీ నా దృష్టిలో వాటి విలువ ఒకటి కాదు. కండెన్సర్ ఎండిపోవడం నిజంగా జరిగే జబ్బు. పది డిగ్రీల వేడి పెరిగినప్పుడల్లా దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది కాబట్టి, వోల్టేజి రెగ్యులేటర్ హీట్‌సింకుకు ఆనుకుని ఉన్నవి ముందు పోతాయి. వాటిని 105 డిగ్రీల రకంతో మారిస్తే హమ్ తగ్గడం, డిస్కు తొందరగా చదవడం వంటి ఫలితాలు కంటికీ చెవికీ తెలుస్తాయి. ఆప్‌యాంప్ సంగతి వేరు. ఎన్‌ఈ5532 చేర్చే వక్రీకరణ శాతంలో వెయ్యో వంతు స్థాయిలో ఉంటే, మన బాక్సులు బేస్‌లో ఒక శాతం దాకా, వాల్యూమ్ పెంచితే అంతకు మించీ చేరుస్తాయి. గంగలో ఉప్పురాయి వేసి రుచి చూడమన్నట్టు ఉంటుంది ఈ మార్పు. పైగా ఆ కాలపు చవక ప్లేయర్లలో బోర్డు గోధుమ రంగు ఫినాలిక్‌ది, ఒకవైపే రాగి ఉంటుంది. టంకం కరగలేదని సోల్డరింగ్ ఐరన్‌ను ఇంకాస్త నొక్కిపట్టామంటే రాగి పట్టీ చర్మం ఊడినట్టు బోర్డు నుంచి లేచి వస్తుంది. నా బోర్డు మీద అలా లేచిన రెండు పట్టీల స్థానంలో ఇప్పటికీ వెంట్రుకంత తీగలే పనిచేస్తున్నాయి.

డాక్ దారిలో సోల్డరింగ్ లేదు. ప్లేయర్ వెనక నారింజ రంగు కోయాక్సియల్ సాకెట్టో, మూత ఉన్న ఆప్టికల్ సాకెట్టో ఉంటే, అక్కడి నుంచి అంకెలను డాక్‌కు పంపి, పాటగా మార్చే పని దానికి వదిలేస్తాం. ప్లేయర్‌కు డిస్కు చదివే పని ఒక్కటే మిగులుతుంది. రెండు మూడు వేల రూపాయల డాక్‌లు కూడా సీడీలోని 16 బిట్లకు, 44.1 కిలోహెర్ట్జ్‌కు సరిపడా నాణ్యతతో ఉన్నాయి. అదే డాక్‌కు టీవీని, రకాన్ని బట్టి ల్యాప్‌టాప్‌ను కూడా కలుపుకోవచ్చు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఎనభైల్లో వచ్చిన కొన్ని సీడీలను ప్రీ-ఎంఫసిస్‌తో, అంటే పై స్వరాలను కావాలని హెచ్చించి ముద్రించి, ఆ సంగతి తెలిపే గుర్తును అంకెల్లోనే చేర్చారు. ప్లేయర్ ఆ గుర్తును చూసి తన అనలాగ్ అవుట్‌పుట్‌లో వాటిని తిరిగి తగ్గిస్తుంది. ఆ గుర్తును పట్టించుకోని డాక్ ద్వారా వింటే తాళాలు, వయొలిన్ చెవిలో గుచ్చుకుంటాయి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర హెచ్చు దాదాపు 10 డెసిబెల్స్ ఉంటుంది. మీ దగ్గర తొలినాటి జపాన్ ముద్రణలు ఎక్కువగా ఉంటే కొనేముందు ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి, లేకపోతే పట్టించుకోనక్కర్లేదు.

నా మటుకు నాకు ఈ తూకాన్ని తేల్చేది ఆప్‌యాంపూ కాదు, డాక్ చిప్పూ కాదు, డిస్కును చదివే, మన మెకానిక్కులు లెన్స్ అని పిలిచే లేజర్ పికప్. సీడీ ప్లేయర్‌లో అన్నిటికంటే ముందు అరిగిపోయేది అదీ, దాని కింది మోటారూను. బోర్డు మీద ఎంత ఖర్చు పెట్టినా లెన్స్ పోయిన రోజున డిస్కు తిరగదు, తిరిగినా "నో డిస్క్" అని చూపిస్తుంది, అంతటితో ఆ ఖర్చంతా డబ్బాలో చిక్కుకుపోతుంది. డాక్ మీద పెట్టిన డబ్బు అలా చిక్కుకోదు. ప్లేయర్ మూలపడినా డాక్ షెల్ఫు మీదే ఉంటుంది. కనుక మొదటి ప్రశ్న మీ ప్లేయర్‌లో ఏ పికప్ ఉంది, అది ఇప్పుడు దొరుకుతుందా అన్నదే కావాలి. సోనీ కేఎస్‌ఎస్-213 వంటివి చాలా కంపెనీల ప్లేయర్లలో వాడారు కాబట్టి వాటికి నకళ్లయినా దొరుకుతున్నాయి. పికప్ ఊగే చేయి మీద ఉండే ఫిలిప్స్ పాత స్వింగ్ ఆర్మ్ మెకానిజాల విషయంలో మాత్రం మరో పాత ప్లేయర్ కొని విప్పుకోవలసిందే.

లెన్స్ పోయిందని తేల్చేముందు కూడా తొందర వద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాస్త తడిపిన దూది పుల్లతో లెన్స్‌ను ఒత్తకుండా తుడిచి, అది జారే పట్టాల మీద తేనెలా గట్టిపడిన పాత గ్రీజు తీసి కొత్తది పూసి, ట్రే తెరుచుకోకపోతే సాగిపోయిన రబ్బరు బెల్టు మార్చి చూడండి. నా ప్లేయర్ చివరి పాటల దగ్గర తడబడడానికి కారణం ఆ గ్రీజే. ఒక డిస్కు మీద చదవడం లోపలి అంచు నుంచి మొదలై బయటి అంచుకు సాగుతుంది కనుక, పట్టా చివర గ్రీజు గట్టిపడితే ఇబ్బంది కచేరీ చివరనే కనిపిస్తుంది. సీడీ-ఆర్‌డబ్ల్యూ డిస్కులు చదవడం లేదని లెన్స్‌ను తప్పుపట్టవద్దు, అవి మామూలు సీడీలో మూడో వంతు వెలుగు కూడా తిప్పి పంపవు. పికప్ మీది చిన్న స్క్రూ తిప్పి లేజర్ పవర్ పెంచేవారున్నారు, అది దీపం ఆరేముందు వత్తి ఎగదోయడం వంటిది. కొత్త పికప్ వేయించేటప్పుడు, స్టాటిక్ కరెంటు తగలకుండా దాని చిన్న బోర్డు మీద కంపెనీవారు పెట్టిన టంకపు చుక్కను, రిబ్బన్ తీగ బిగించాక తీసేయాలి. అది తీయకపోతే లేజర్ వెలగదు, కొత్తది కూడా చెడ్డదేననుకుని తిప్పి పంపేస్తారు. మూత తీసి పని చేసేటప్పుడు లెన్స్‌లోకి తొంగిచూడవద్దు. ఆ 780 నానోమీటర్ల వెలుగు కంటికి దాదాపు కనిపించదు కానీ కంటిని పాడుచేయగలదు.

ప్లేయర్ సొంత అవుట్‌పుట్‌నూ డాక్‌నూ పోల్చి వినాలనుకునేవారికి ఒక్క జాగ్రత్త చెప్పాలి. సీడీ ప్లేయర్ అవుట్‌పుట్ సాధారణంగా 2 వోల్టులు. మీ డాక్ 2.3 వోల్టులు ఇస్తోందంటే, 1.2 డెసిబెల్స్ ఎక్కువ గట్టిగా పాడుతున్నట్టు లెక్క. ఆ తేడాను చెవి "గట్టిగా ఉంది" అని చెప్పదు, "స్పష్టంగా ఉంది, ప్రాణం ఉంది" అని చెబుతుంది. 100 హెర్ట్జ్ టోన్ ఒక సీడీ-ఆర్ మీద రాసుకుని, మామూలు మల్టీమీటర్‌ను ఏసీలో పెట్టి స్పీకర్ తీగల దగ్గర వోల్టేజి రెండుసార్లూ ఒకటే వచ్చేలా వాల్యూమ్ సరిచేసుకుని వినాలి. అలా సరిచేసి వింటే, నా ప్లేయర్ సొంత అవుట్‌పుట్‌కూ డాక్‌కూ మధ్య తేడాను మా ఆవిడ చూడకుండా పోల్చుకోలేకపోయింది. నేను కూడా పదిసార్లలో ఆరుసార్లే సరిగ్గా చెప్పాను, అది బొమ్మా బొరుసూ వేసినా వచ్చేదే. అయినా డాక్ ఉంచుకున్నాను, పైన చెప్పిన కారణానికే.

రెండు సందర్భాల్లో మాత్రం లోపలి పనికే ఓటేస్తాను. మొదటిది, ఫిలిప్స్ టీడీఏ1540, టీడీఏ1541 డాక్ చిప్పులున్న ఎనభైల నాటి ప్లేయర్లు. వాటి శబ్దం కోసమే వాటిని వెతికి కొనేవారున్నారు, బయట డాక్ పెడితే ఆ చిప్‌ను పక్కనపెట్టినట్టే కదా. వాటికి పవర్ సప్లై కండెన్సర్లు మార్పించి మిగతా బోర్డు జోలికి పోకుండా ఉండడం నాకు నచ్చిన పద్ధతి. రెండోది, వెనక డిజిటల్ సాకెట్ లేని ప్లేయర్లు. చాలా సందర్భాల్లో లోపలి డీకోడర్ చిప్‌కు డిజిటల్ అవుట్ కాలు ఒకటి ఉండనే ఉంటుంది. సర్వీసు మాన్యువల్ చూసి, చిన్న పల్స్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా దాన్ని బయటికి తీయగల చేయి తిరిగిన మనిషి దొరికితే, ఆ ఒక్క మార్పు మీద పెట్టిన ఖర్చు వృథా కాదు.

అంకెలను లయ తప్పకుండా నడిపే క్లాక్ మార్పించమని, పాత రేడియోల్లోలాంటి వాల్వుతో ట్యూబు బఫర్ పెట్టమని చెప్పేవారికి నా దగ్గర చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. క్లాక్‌లోని క్రిస్టల్ చెడితే మార్చాలి, బాగుంటే వదిలేయాలి. ట్యూబు శబ్దం ఇష్టమైతే అది రుచి సంగతి. కొత్త సీడీ ప్లేయర్ కొనగలిగినవారు కొనుక్కోవచ్చు. ఇంట్లో ఆప్టికల్ సాకెట్ ఉన్న పాత డీవీడీ ప్లేయర్ పడి ఉంటే, లెన్స్ దొరకని సెట్టు బదులు దాన్నే డాక్‌కు కలుపుకోవచ్చు, ముందు డిస్‌ప్లే లేనివాటిలో టీవీ వేయకుండా పాట నంబరు కనిపించదన్న చికాకు తప్ప.